సీరియల్ అంటే పారిపోయేవాణ్ణి, ఇప్పుడు రాత్రి 11:23 అయితే ఫోన్ వైపు చూస్తున్నాను

పెరుగన్నం

ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప రాసింది తక్కువ. ఇవాళ రాయకపోతే నిద్ర పట్టేట్టు లేదు.

మా ఇంట్లో సాయంత్రం ఆరున్నర నుంచి పది దాకా టీవీ మా అమ్మది. కోడలి చేతిలోంచి కాఫీ కప్పు జారితే, ఇంట్లో ఉన్న అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూపించి ప్రకటనలకి వెళ్లిపోయే సీరియళ్ల పక్కన కూర్చునే నేను ఇంజినీరింగ్ చదివాను. అందుకే సిరీస్ అన్న మాట వింటేనే పడేది కాదు. రెండున్నర గంటల్లో చెప్పలేని కథని పదహారు గంటల్లో మాత్రం ఏం చెప్తారని ఆఫీసులో వాదించేవాణ్ణి.

మొన్న జ్వరంతో పడి ఉంటే ఒక ఫ్రెండ్ పట్టుబట్టి కొరియా వాళ్ల 'సిగ్నల్' పెట్టించాడు. 2016లో వచ్చింది, పదహారు ఎపిసోడ్లు. 2015లో ఉన్న ఒక పోలీసు కుర్రాడికి పారేసే సామాన్లలో పాత వాకీటాకీ దొరుకుతుంది. బ్యాటరీ కూడా లేదు. రాత్రి 11:23కి అది మోగుతుంది. అవతల మాట్లాడేవాడు 2000 సంవత్సరంలో ఉన్న డిటెక్టివ్. ఇది వినగానే "అబ్బా, ఇదొకటా" అనుకున్నాను. కానీ మొదటి కేసు దగ్గరే దొరికిపోయాను. పదిహేనేళ్ల కిందటి చిన్నపిల్ల కిడ్నాప్ కేసు. అక్కడి చట్టం ప్రకారం గడువు ఆ రాత్రితో సరి. అనుమానితురాలు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది, గోడ మీద గడియారం తిరుగుతోంది, ఆవిడ నోరు విప్పదు. పన్నెండు దాటితే లేచి ఇంటికి వెళ్లిపోవచ్చు. జ్వరం సంగతి మర్చిపోయాను.

రెండు రాత్రుల్లో అయిపోయింది. ఇప్పుడు ఏం చూడాలో చెప్పండి. నా షరతు ఒక్కటే, దెయ్యాలు వద్దు.

వరంగల్_పోరడు

స్వాగతం అన్నా, లేటుగా వచ్చినా కరెక్ట్ డోర్ నుంచి వచ్చినవ్.

నేను లా చదువుతున్న, ఆ గడువు ముచ్చట గురించి ఒక మాట. మన దగ్గర హత్య కేసుకి కాలపరిమితి లేదు. ఎన్నేళ్లకైనా కేసు నడపొచ్చు. మూడేళ్ల లోపు శిక్ష పడే చిన్న నేరాలకే ఆ లెక్క. కొరియాలో మాత్రం హత్యకి కూడా 15 ఏళ్లు ఉండె, తర్వాత 25 చేసిన్రు, 2015 జులైలో మొత్తానికే తీసేసిన్రు. సిరీస్ కథ ఆ సంవత్సరంలోనే పెట్టిన్రు చూడు, ఊకనే పెట్టలే. చట్టం మారిన ఏడాది కాబట్టే ఆ గడియారం సీన్‌కి అంత బరువు వచ్చింది.

హిందీ వాళ్లు దీన్నే 'గ్యారహ్ గ్యారహ్' అని 2024లో తీసిన్రు. టైమ్ 11:11 చేసిన్రు. సూడొచ్చు, కానీ ఒరిజినల్ చూసినంక అంత ఎక్కదు.

లేట్‌నైట్_లక్ష్మి

సిగ్నల్ గురించి మాట్లాడుకుంటుంటే నేను ఊరుకోలేను. నైట్ డ్యూటీ అయిపోయాక నిద్ర పట్టని రోజుల్లో నాకు దిక్కు ఇవే.

అందులో పల్లెటూళ్లో వరస హత్యల కేసు ఉంది కదా, దాని వెనక ఉన్నది నిజమైన కేసు. హ్వాసంగ్ అనే చోట 1986 నుంచి 1991 దాకా పది హత్యలు జరిగాయి. హంతకుడు దొరకలేదు. 2006కల్లా గడువు కూడా అయిపోయింది. సిరీస్ రాసిన కిమ్ ఉన్‌హీ దాన్ని తీసుకుని, ఫోన్ లాంటిది ఒకటుంటే ఆనాటి పోలీసుకి చెప్పగలిగేవాళ్లం కదా అన్న కోరికని కథ చేసింది. సిరీస్ 2016 మార్చిలో అయిపోయింది. 2019లో దాచిపెట్టిన పాత సాక్ష్యాల మీద డీఎన్‌ఏ పరీక్ష చేస్తే మనిషి తేలాడు! 1994లో మరదలిని చంపినందుకు యావజ్జీవ శిక్ష పడి అప్పటికే జైల్లో ఉన్నాడు. ఇన్నాళ్లూ వెతికినవాడు లోపలే ఉన్నాడన్నమాట. గడువు దాటింది కాబట్టి ఆ హత్యలకి మళ్లీ కేసు పెట్టడానికి లేదు. అంతకంటే ఘోరం, అందులో ఒక హత్యకి వేరే మనిషి ఇరవై ఏళ్లు జైల్లో ఉండి వచ్చాడు. 2020లో కోర్టు ఆయన నిర్దోషి అని తేల్చింది.

ఇది తెలిశాక సిగ్నల్ రెండోసారి చూశాను. మొదటిసారి టెన్షన్ పడి చూశాను, రెండోసారి కోపంతో చూశాను.

పెరుగన్నం గారూ, మీకు నా సలహా జర్మనీ సిరీస్ 'డార్క్'. దెయ్యాలు లేవు. కానీ పక్కన నోటు పుస్తకం పెట్టుకోండి.

పెరుగన్నం

లక్ష్మి గారూ, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. "అయితే ఇప్పుడు నేను కూడా చూడాలి" అంది. మళ్లీ మొదటినుంచి పెట్టాలి.

నోటు పుస్తకం ఎందుకండీ, సిరీస్ చూడటానికి?

వరంగల్_పోరడు

మొదటి నాలుగు ఎపిసోడ్లు చూసినంక అదే ప్రశ్న మళ్లీ అడుగు అన్నా.

నిర్వాహకుడు

ఒక చిన్న మనవి. హంతకుడెవరో, ఎవరు ఎవరి కొడుకో రాసేవాళ్లు పైన 'గుట్టు విప్పుతున్నా' అని రాసి, నాలుగు లైన్లు వదిలి మొదలుపెట్టండి. పోయిన నెల వేరే చర్చలో ఒకాయన మొదటి లైనులోనే అంతా చెప్పేశారు, ఇంకా గొడవ తగ్గలేదు.

కొమ్మూరి_పాఠకుడు

బాబూ పెరుగన్నం, మీ తరం వాళ్లు ఇదంతా నెట్‌తోపాటు వచ్చిందనుకుంటారు. తెనాలిలో మా ఇంటి పక్కన అద్దె పుస్తకాల షాపు ఉండేది. కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలలు రోజుకి ఇంతని అద్దెకి తెచ్చుకునేవాళ్లం. యుగంధర్, అసిస్టెంట్ రాజు. రేపు పొద్దునకల్లా తిరిగివ్వాలి కాబట్టి రాత్రే చదివేయాలి. మీరు రెండు రాత్రుల్లో సిరీస్ అయిపోగొట్టానంటే నాకేమీ కొత్తగా అనిపించలేదు.

దానికి పూర్తిగా వేరే రకం, వారపత్రిక సీరియల్. యండమూరి 'తులసీదళం' ఆంధ్రభూమి వీక్లీలో వస్తున్నప్పుడు మా స్టాఫ్‌రూమ్‌లో పత్రిక ఒక్కటి, చదివేవాళ్లు పదకొండు మంది. ముందు చదివినవాడు నోరు మూసుకోవాలని ఒప్పందం. వారమంతా ఊహాగానాలే. లెక్కల మాస్టారు ఒకాయన బోర్డు మీద బొమ్మ గీసి మరీ వాదించేవారు. మీకు దెయ్యాలు, చేతబడులు వద్దంటున్నారు కానీ, ఆ రోజుల్లో ఊళ్లకి ఊళ్లు భయపడి చదివింది దాన్నే.

నాకు మీ కొత్త సిరీస్‌ల మీద ఒక్కటే ఫిర్యాదు. అన్నీ ఒకేసారి విడుదల చేస్తారు. వారం రోజులు మనసులో నానకుండా సస్పెన్స్ ఎలా వస్తుంది?

లేట్‌నైట్_లక్ష్మి

మాస్టారూ, మీరు ఇప్పుడే కదా యుగంధర్ ఒక్క రాత్రిలో చదివేవాణ్ణన్నారు :)

కొమ్మూరి_పాఠకుడు

అమ్మా లక్ష్మీ, అందుకే యుగంధర్ కథలు ఒక్కటీ గుర్తులేవు. తులసీదళం మాత్రం ఏ వారం ఎక్కడ ఆగిందో ఇప్పటికీ చెప్తాను.

చెన్నపట్నం_చిన్నోడు

మాస్టారి మాటకి నా ఓటు. మాది చెన్నై, పుట్టి పెరిగింది ఇక్కడే, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తొంభైల్లో సన్ టీవీలో 'మర్మదేశం' అని వచ్చేది. బాలచందర్ గారి సంస్థ తీసింది, డైరెక్టర్ నాగా. అందులో 'విడాదు కరుప్పు' భాగం వచ్చినప్పుడు మా వీధిలో పిల్లలెవరూ చీకటి పడ్డాక బయట ఉండేవాళ్లు కాదు. ఊళ్లో తప్పు చేసినవాళ్లు ఒక్కొక్కరే పోతుంటారు. శిక్షించేది ఊరి కాపలా దేవుడు కరుప్పా, లేక మనిషా? గుర్రం డెక్కల చప్పుడు ఒక్కటి చాలు, గుండె జారిపోయేది. వారానికి ఒక్కసారే వచ్చేది కాబట్టి ఆ చప్పుడు వారమంతా చెవిలో ఉండేది.

తెలుగులో అలాంటిది లేదా? నాకు అప్పట్లో ఈటీవీ వచ్చేది కాదు.

లేట్‌నైట్_లక్ష్మి

లేకపోవడమేమిటి, 'అన్వేషిత'! తొంభైల చివర్లో ఈటీవీలో. యమున, అచ్యుత్. మా అమ్మమ్మ వాళ్లింట్లో అందరం ఒకే మంచం మీద కూర్చుని చూసేవాళ్లం. కథ ముక్కలుగానే గుర్తుంది కానీ యమున మొహం, ఆ టైటిల్ పాట మాత్రం చెరగలేదు.

పెరుగన్నం

అమ్మని అడిగాను. "అన్వేషితా? అది వచ్చేటప్పుడు నువ్వు దుప్పటి ముసుగేసుకుని నా వెనక దాక్కునేవాడివి" అంది. కాబట్టి నాకు దెయ్యాలంటే ఎందుకు పడదో తెలిసిపోయింది.

డార్క్ నాలుగు ఎపిసోడ్లు అయ్యాయి. నోటు పుస్తకం కొన్నాను.

ఎడిటింగ్_టేబుల్

చాలా రోజుల తర్వాత ఇటు వచ్చాను. నేను హైదరాబాదులో రోజువారీ సీరియళ్లకి ఎడిటర్‌గా పనిచేస్తాను. అదేనండీ, ఆ కాఫీ కప్పూ, పదిమంది మొహాలూ నా చేతి చలవే. తిట్టేముందు సంగతేమిటో వినండి.

రోజువారీ సీరియల్‌కి ముగింపు తేదీ ఉండదు. రేటింగ్ ఉన్నన్నాళ్లు నడవాలి. గురువారం రేటింగులు వస్తాయి, ఆ సాయంత్రం కథ మారిపోవచ్చు. చేతిలో ముందుగా తీసి పెట్టుకున్న ఎపిసోడ్లు కొన్నే ఉంటాయి. అలాంటప్పుడు రైటర్ దగ్గర ఒక మంచి రహస్యం ఉందనుకోండి, దాన్ని ఖర్చు పెట్టడానికి భయపడతాడు. ఇవాళ బయటపెడితే రేపటికి ఏముంటుంది? అందుకని చెప్పబోతుంటే ఫోన్ మోగుతుంది, చెప్పబోతుంటే కళ్లు తిరిగి పడిపోతుంది. నేను ఇరవై రెండు నిమిషాలు నింపాలి, దొరికిన మొహాలతో నింపుతాను.

సిగ్నల్‌కి పదహారు ఎపిసోడ్లే అని ముందే తెలుసు. డార్క్ వాళ్లు మూడు సీజన్లని లెక్క వేసుకుని రాశారు, ఇరవై ఆరు ఎపిసోడ్లలో ముగించారు. ఎక్కడ ఆపాలో తెలిసినవాడికి ఎక్కడ దాచాలో, ఎక్కడ చెప్పాలో తెలుస్తుంది. సస్పెన్స్ అంటే నా దృష్టిలో ఇదే, మిగతాది బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్.

ప్లేనో_పద్మ

ఎడిటింగ్_టేబుల్ గారూ, మీరు చెప్పింది సబబుగానే ఉంది కానీ రెండు చోట్ల చిక్కు ఉంది.

ఒకటి, ఇక్కడి అమెరికా సిరీస్ 'బ్రేకింగ్ బ్యాడ్'. అది అరవై రెండు ఎపిసోడ్లు. దాని కర్త విన్స్ గిలిగన్, ఆయన రైటర్లు అయిదో సీజన్ మొదట్లో హీరో కారు డిక్కీలో పెద్ద మెషిన్‌గన్ పెట్టారు. అప్పటికి దాన్ని ఎవరి మీద వాడతాడో వాళ్లకే తెలియదని ఆయనే చెప్పుకున్నారు. ముందు పెట్టేసి తర్వాత తల పట్టుకున్నారు. అయినా ముగింపు ఎంత బిగువుగా వచ్చిందో చూసినవాళ్లకి తెలుసు.

రెండోది మా ఊరి సంగతి. 'డాలస్' పచ్చి సోప్, ముగింపు తేదీ లేని రకమే. 1980 మార్చి 21న అందులో ముఖ్య పాత్ర జేఆర్‌ని ఎవరో కాల్చి పడేసి సీజన్ ఆపేశారు. నటుల సమ్మె కూడా తోడై, సమాధానం నవంబరు 21 దాకా రాలేదు. ఆ రాత్రి అమెరికాలో దాదాపు 8 కోట్ల 30 లక్షల మంది టీవీ ముందు కూర్చున్నారని లెక్క. అందులో చూపించిన సౌత్‌ఫోర్క్ ర్యాంచ్ మా ఇంటికి దగ్గరే. ఇండియా నుంచి ఎవరొచ్చినా తీసుకెళ్తాను. మా మామగారు అక్కడ జేఆర్‌ని కాల్చిన తుపాకీ చూసి, "ఇంతకీ కాల్చిందెవరమ్మా?" అని అడిగారు. ఆయన ఆ సీరియల్ ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేదు. ప్రశ్నకున్న బలం అదీ.

ఎడిటింగ్_టేబుల్

పద్మ గారూ, డాలస్ విషయంలో ఓడిపోయాను. బ్రేకింగ్ బ్యాడ్ విషయంలో మాత్రం కాదు. వాళ్లకి ముగింపు తెలియకపోవచ్చు, కానీ పెట్టిన తుపాకీని మర్చిపోకూడదన్న భయం ఉంది. మా దగ్గర పెట్టిన తుపాకీ సంగతి వచ్చే నెల రైటరే మర్చిపోతాడు, ఒక్కోసారి రైటరే మారిపోతాడు.

లేట్‌నైట్_లక్ష్మి

సమాధానం చెప్పడమే తప్పయిన కథ కూడా ఒకటుంది. 'ట్విన్ పీక్స్', 1990. లారా పామర్‌ని చంపిందెవరు అన్న ప్రశ్న మీద అమెరికా అంతా ఊగిపోయింది. దాన్ని తీసినవాళ్లలో ఒకడైన డేవిడ్ లించ్‌కి ఆ ముడిని తొందరగా విప్పడం అసలు ఇష్టం లేదు. చానల్ ఒత్తిడి చేసి రెండో సీజన్ మధ్యలో చెప్పించింది. చెప్పాక జనం వెళ్లిపోయారు, 1991లో ఆపేశారు. ఎప్పటికీ చెప్పకపోయినా తిట్టుకునేవాళ్లం, చెప్తే వెళ్లిపోయాం. ప్రేక్షకుల్ని నమ్మడానికి లేదు.

వరంగల్_పోరడు

నాకైతే హంతకుడెవరు అన్నదే అంత ముఖ్యం కాదనిపిస్తది. 'ఢిల్లీ క్రైమ్' చూసిన్రా? 2012 డిసెంబరు కేసు. ఎవరు చేసిన్రో, దొరికిన్రో లేదో దేశమంతటికీ ఎరుకే. పేపర్లల్ల చదివినం. అయినా షెఫాలీ షా టీమ్ ఒక్కొక్కణ్ణి వెతుక్కుంటూ పోతుంటే నాకు ఊపిరి ఆడలే. ఏడు ఎపిసోడ్లు కూసున్న కాడ్నే కూసున్న. 2020లో ఇంటర్నేషనల్ ఎమ్మీ ఊకనే ఇయ్యలే దానికి. తెలిసిన కథకి టెన్షన్ ఎట్లొచ్చింది, చెప్పున్రి?

కొమ్మూరి_పాఠకుడు

దీనికి సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ ఎప్పుడో జవాబు చెప్పాడు నాయనా. ఇద్దరు మాట్లాడుకుంటున్నారు, బల్ల కింద బాంబు ఉంది. ప్రేక్షకుడికి ఆ సంగతి తెలియదు. ఢామ్మని పేలితే పదిహేను సెకండ్ల ఉలికిపాటు. అదే బాంబు ఉందని, ఒంటిగంటకి పేలుతుందని ముందే చెప్పి, గోడ మీద గడియారం చూపించి, వాళ్ల చేత పిచ్చాపాటి మాట్లాడించు. పదిహేను నిమిషాలు జనం కుర్చీ అంచున ఉంటారు. ఫ్రాన్స్ దర్శకుడు త్రుఫో అడిగితే చెప్పిన మాట ఇది.

కాబట్టి దాచడం గొప్ప కాదు. ఎంత చెప్పాలో అంత ముందే చెప్పేయడం గొప్ప.

ప్లేనో_పద్మ

గుట్టు విప్పుతున్నా, బ్రేకింగ్ బ్యాడ్ చూడనివాళ్లు దిగువకి వెళ్లిపోండి.




మాస్టారు చెప్పిన బల్ల ఆ సిరీస్‌లో భోజనాల బల్లే. మత్తుమందు వండేవాడు వాల్టర్, వాణ్ణి వెతికే పోలీసాయన హ్యాంక్, ఇద్దరూ తోడల్లుళ్లు. ఆదివారం ఒకే బల్ల దగ్గర తింటారు, బీర్ తాగుతారు. మనకి తెలుసు, హ్యాంక్‌కి తెలియదు. ఏళ్ల తరబడి ఇలా నడిపి, ఒకరోజు హ్యాంక్ బాత్రూంలో కూర్చుని చేతికందిన పుస్తకం తిరగేస్తాడు. అంతే, ఎపిసోడ్ అయిపోయింది. 2012 సెప్టెంబరు అది. తర్వాతి ఎపిసోడ్ 2013 ఆగస్టులో. దాదాపు ఏడాది పాటు ఆయన అక్కడే కూర్చున్నాడు, మేమూ ఇక్కడే కూర్చున్నాం. ఇప్పుడు చూసేవాళ్లు 'తర్వాతిది' అని నొక్కేస్తారు, వాళ్ల మీద జాలి.

పెరుగన్నం

డార్క్ పూర్తయింది. ముందుగా, లక్ష్మి గారికి సాష్టాంగ నమస్కారం.

జర్మనీలో విండెన్ అని కల్పిత ఊరు. అడవి, గుహ, పక్కనే అణు విద్యుత్ కేంద్రం. ఒక పిల్లాడు కనపడకుండా పోతాడు. మొదట్లో అందరూ 'ఎక్కడున్నాడు' అని అడుగుతారు, కానీ అడగాల్సింది 'ఎప్పుడున్నాడు' అని. 33 ఏళ్లకోసారి తిరిగొచ్చే చక్రం, 1953, 1986, 2019. నా నోటు పుస్తకంలో ఇప్పుడు నాలుగు కుటుంబాల వంశవృక్షం ఉంది. మా పెద్దనాన్న కొడుకుల పేర్లు వరసగా చెప్పలేను కానీ వాళ్ల తాతల పేర్లన్నీ వచ్చు.

కథలో లోకం అంతమయ్యే తేదీ 2020 జూన్ 27. ఆఖరి సీజన్ విడుదల చేసింది కూడా సరిగ్గా అదే తేదీన. లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని ఆ రోజు చూసినవాళ్లెవరైనా ఉన్నారా ఇక్కడ? నాకు అసూయగా ఉంది.

ఒక ఫిర్యాదు కూడా ఉంది. మూడో సీజన్లో నేను మనుషుల్ని వదిలేసి లెక్కలు చేస్తూ కూర్చున్నాను. సిగ్నల్‌లో ఆ డిటెక్టివ్ బతుకుతాడా అని ఆరాటపడ్డాను. డార్క్‌లో ఎవరు పోయినా "ఇంకో కాలంలో ఉంటాడులే" అనిపించింది. చిక్కుముడి మరీ గొప్పదైతే మనిషి పలచబడతాడేమో.

లేట్‌నైట్_లక్ష్మి

నేను చూశాను 2020 జూన్ 27న! మా వార్డు అప్పుడు ఎలా ఉందో చెప్పక్కర్లేదు. పీపీఈ విప్పి, స్నానం చేసి, పొద్దున్నే మొదలుపెట్టి ఆపకుండా చూశాను. లోకం అంతం గురించి కల్పిత కథ చూస్తే ఊరట కలిగింది, అంతే చెప్పగలను.

మనుషులు పలచబడతారన్నారు, నేను ఒప్పుకోను. ఉల్రిక్ సంగతి ఆలోచించండి. కొడుకు కోసం వెళ్లి ఎక్కడ చిక్కుకున్నాడో. ఏ కాలంలో ఉన్నా తండ్రి తండ్రే.

చెన్నపట్నం_చిన్నోడు

పెరుగన్నం గారితో నేను సగం ఏకీభవిస్తాను. ఇక తెలుగు సిరీస్‌ల సంగతికి వద్దామా? ఎంతసేపూ కొరియా, జర్మనీయేనా?

వరంగల్_పోరడు

'కుడి ఎడమైతే' చూడున్రి. 2021లో ఆహాలో వచ్చింది. డైరెక్టర్ కన్నడ పవన్ కుమార్. అమలాపాల్ సీఐ, రాహుల్ విజయ్ డెలివరీ బాయ్. ఇద్దరికీ ఒకే రోజు మళ్లీ మళ్లీ వస్తది. ఎనిమిది ఎపిసోడ్లల్ల అనవసరంగా సాగదీసింది తక్కువ. కానీ ఆఖరున సమాధానం ఇయ్యకుండా ఆపేసిన్రు. రెండో సీజన్ కోసం ఎదురుచూసీ చూసీ నా డిగ్రీ అయిపోవస్తుంది.

ఎడిటింగ్_టేబుల్

'గాలివాన' 2022లో వచ్చింది, రాధిక, సాయికుమార్. బీబీసీ వాళ్ల 'వన్ ఆఫ్ అస్' ఆధారం. చంపినవాడే ప్రమాదంలో ఇంటి ముందుకి వచ్చి పడతాడు, ఆ తర్వాత వాణ్ణి ఎవరు చంపారన్నది కథ. గోదావరి జిల్లా ఇల్లు, వాన, రెండు కుటుంబాలు. మూలం స్కాట్లాండ్ అయినా అరువు వాసన రాలేదు.

'నైన్ అవర్స్' మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి 'తొమ్మిది గంటలు' నవలే. మూడు బ్యాంకుల్ని ఒకేసారి దోచే పథకం. మాస్టారు సంతోషిస్తారు.

మనవాళ్ల లోపం ఎక్కడుందంటే, ప్రేక్షకుడికి అర్థమయిందో లేదోనని భయం. క్లూ చూపిస్తారు, మ్యూజిక్ కొడతారు, మళ్లీ ఫ్లాష్‌బ్యాక్‌లో అదే క్లూ చూపిస్తారు. నా చేతికొస్తే మూడోది కోసేస్తాను, "ఉంచండి సార్" అంటారు.

కొమ్మూరి_పాఠకుడు

మల్లాది నవల చదివినవాణ్ణి కాబట్టి సిరీస్ చూశాను. పుస్తకం ముందుంది. అంతకంటే రాయను, గొడవలెందుకు.

పెరుగన్నం

'దూత' నిన్నటితో పూర్తి. విక్రమ్ కుమార్, నాగచైతన్య, 2023 డిసెంబరు 1, ఎనిమిది ఎపిసోడ్లు. జరగబోయే చావు ముందే పేపరు ముక్కలో అచ్చయి కనబడుతుంది. సూత్రం బాగుంది. ఆగకుండా కురిసే ఆ వాన ఇంకా బాగుంది. నేను పెట్టిన దెయ్యాల షరతు అక్కడే పోయింది, ఇంకేమీ అనను.

అసలు చెప్పాల్సింది వేరే. తెలుగే కాబట్టి అమ్మ కూడా కూర్చుంది. మొదట "వీళ్లెందుకింత మెల్లగా మాట్లాడతారు" అంది. రెండో ఎపిసోడ్ నుంచి మొదలైంది చూడండి. "ఆ మాట విన్నాక వాడి మొహం మారింది, వాడికేదో తెలుసు." "అది అబద్ధం చెప్పింది, కళ్లు దించుకుంది." మా ఆవిడా, నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇన్నేళ్లూ ఒక్కో మొహాన్ని దగ్గర్నుంచి చూపించే సీరియళ్లు చూసీ చూసీ, ఆవిడకి మొహాలు చదవడం వచ్చేసింది. ఎడిటింగ్_టేబుల్ గారూ, ఆ కాఫీ కప్పుల పుణ్యం ఊరికే పోలేదండీ.

తర్వాత సిగ్నల్ మళ్లీ పెట్టాను, వాళ్లిద్దరి కోసం. సబ్‌టైటిల్స్ నేను చదివి తెలుగులో చెప్తుంటే అమ్మ వింటుంది. ఎవరు చేశారో, ఏం జరుగుతుందో నాకు అంతా తెలుసు. అయినా ఆ గడియారం సీన్ దగ్గర నా అరచేతులు చెమట పట్టాయి. వాళ్లిద్దరికీ తెలియదు, నాకు తెలుసు, చెప్పడానికి లేదు. మాస్టారు చెప్పిన బాంబు ఈసారి నా దగ్గరే ఉంది. మొదటిసారి చూసినప్పటికంటే ఇదే ఎక్కువ బాగుంది, నిజంగా. వరంగల్ తమ్ముడి ప్రశ్నకి ఇది నా జవాబు.

ఎడిటింగ్_టేబుల్

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. రేపు డైరెక్టర్‌తో ఈ ముక్క చెప్తాను. ఇంకో నాలుగు మొహాలు కలపమంటాడేమో, అదీ భయం.

ప్లేనో_పద్మ

పెరుగన్నం గారూ, పోస్టు మా ఆయనకి చూపించాను. "నువ్వు పక్కన కూర్చుని మూలుగుతుంటేనే నాకు ఎవరు పోతారో తెలిసిపోతుంది, ఇంకేం సస్పెన్స్" అన్నారు. కాబట్టి తెలిసినవాళ్లకి మొహం మీద అదుపు ఉండాలి.

వరంగల్_పోరడు

అందరం కలిసి ఒకటి సూద్దామా? ఒకే రోజు, ఒకే ఎపిసోడ్, తర్వాత ఇక్కడ ముచ్చట. మాస్టారు కోరుకున్నట్టే మనసులో నానబెడదాం.

లేట్‌నైట్_లక్ష్మి

అయితే డెన్మార్క్ వాళ్ల 'ద కిల్లింగ్' మొదటి సీజన్. 2007ది. దానికి తగ్గ సిరీస్ లేదు. ఒక అమ్మాయి హత్య, ఇరవై రోజుల దర్యాప్తు, ఇరవై ఎపిసోడ్లు. ఒక్కో ఎపిసోడ్ ఒక్కో రోజు. పోలీసులు ఒక వైపు, పిల్లని పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఇంకో వైపు, ఎన్నికల్లో నిలబడ్డ రాజకీయ నాయకుడు మరో వైపు. హంతకుడెవరో నటులకే చాలాకాలం చెప్పలేదట, స్క్రిప్టు ఎపిసోడ్ ఎపిసోడ్‌కీ ఇచ్చేవాళ్లు. అందులో డిటెక్టివ్ సారా లుండ్ వేసుకునే స్వెట్టర్‌కి కూడా ఫ్యాన్స్ ఉన్నారు. అమెరికా వాళ్లు తీసింది వేరే ఉంది, పొరపాటున అది పెట్టకండి, అందులో హంతకుడు వేరు.

కొమ్మూరి_పాఠకుడు

రోజుకొకటంటే నాకు సమ్మతమే. వారానికొకటైతే ఇంకా బాగుండేది కానీ, మీ తొందర నాకు తెలుసు.

నిర్వాహకుడు

దీనికి వేరే చర్చ తెరుస్తాను. శనివారం రాత్రి తొమ్మిదికి మొదటి ఎపిసోడ్, పద్మ గారు వాళ్ల పొద్దున చూసుకుంటారు. నియమాలు రెండే. ముందుకు చూసినవాళ్లు ఆ సంగతి చెప్పకూడదు. సారా లుండ్ ఇంటర్నెట్‌లో వెతకలేదు, మనమూ వెతకొద్దు.

చెన్నపట్నం_చిన్నోడు

నేను సిద్ధం. అనుమానితుల మీద పందెం వేద్దామా? గెలిచినవాళ్లకి మిగతావాళ్లంతా కలిసి మల్లాది పుస్తకం కొనివ్వాలి.

పెరుగన్నం

పందెంలో అమ్మ కూడా ఉంది. ఇప్పుడే వచ్చి అడిగింది, "ఆ రాజకీయ నాయకుడి ఫోటో ఉందా, ఓసారి చూపించు" అని. చూపించాను. కాసేపు చూసి, "వీడు కాదు, కానీ వీడికి తెలుసు" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. లక్ష్మి గారూ, దయచేసి ఏమీ అనకండి, నవ్వు బొమ్మ కూడా పెట్టకండి.

లేట్‌నైట్_లక్ష్మి

నేనేమీ అనలేదు. డ్యూటీకి వెళ్తున్నాను.